బొమ్మ కింద మా పేరేది?

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో చదువుకునే మన పిల్లలు ఆదివారం వచ్చిందంటే ఎల్బీనగర్‌లో బస్సెక్కి అబ్దుల్లాపూర్‌మెట్‌లో మేం ఉండే అద్దె గదులకు వస్తారు. మేం ఇంత అన్నం వండి పెడతాం, వాళ్లు ఊరి కబుర్లు మోసుకొస్తారు. అలా వచ్చిన ఒక అమ్మాయి ఓ రోజు తన ఫోన్ తీసి ఒక ఫొటో చూపించింది. స్నేహితురాలితో కలిసి నగరంలో ఏదో చిత్ర ప్రదర్శనకు వెళ్లిందట. అక్కడ గోడకు వేలాడుతున్న బొమ్మను ఫోన్లో తీసుకుంది. ఎవరో కళాకారుడు మన కొండల్లో తిరిగి ఫొటో తీసి, దాన్ని రాగి రేకు మీదికి ఎక్కించి, రేకు నుంచి కాగితం మీద అచ్చు వేసిన బొమ్మ అది. వెనక మంచులో గుట్ట. ముందు నెత్తిన కట్టెల మోపుతో ఒక ముసలామె. బొమ్మ కింద పెన్సిల్‌తో రాసినవి మూడే. ఎడమ చివర 7/25 అనే అంకె, నడుమ 'నిశ్శబ్దం' అనే పేరు, కుడి చివర కళాకారుడి సంతకం.

"సార్, ఈమె మా పెద్దమ్మ" అంది ఆ అమ్మాయి. "ఆ గుట్టకు పేరుంది. పెద్దమ్మకూ పేరుంది. నిశ్శబ్దం ఏంది సార్, ఊరు మొత్తంలో పెద్దమ్మ గొంతే పెద్దది!"

అందరం నవ్వాం. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఫోన్ ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి తిరిగింది. ఆ ముసలామె మా అందరి ఇళ్లలోనూ ఉంది. ఆ అంకె, ఆ పేరు, ఆ సంతకం మాత్రం మా ఎవరివీ కావు.

ఆ మూడింటి అర్థం మొదట మనం తెలుసుకోవాలి. 7/25 అంటే ఈ రేకుతో ఇరవై ఐదు కాగితాలే అచ్చు వేస్తాను, ఇది అందులో ఏడోది అని కళాకారుడు ఇచ్చే మాట. ఆ లెక్క పూర్తయ్యాక రేకు మీద అడ్డంగా గీతలు కొట్టి దాన్ని పాడు చేయడం కూడా ఆనవాయితీ. ఇంకో అచ్చు రాదని కొనేవాళ్లకు నమ్మకం కలగాలి కదా. అంటే కొనేవాళ్ల కోసం ఒక అంకె ఉంది. చేసిన మనిషి కోసం ఒక సంతకం ఉంది. చూసేవాళ్ల కోసం ఒక పేరు ఉంది. మంచులో కట్టెల మోపుతో నిలబడ్డ మనిషి కోసం మాత్రం ఆ కాగితం మీద అంగుళం చోటు లేదు. ఆ చోటు అడగడానికే ఈ వ్యాసం రాస్తున్నాం.

మొదటే ఒక మాట. మేం కళకు శత్రువులం కాము. అచ్చుబొమ్మ వెనక ఎంత చాకిరీ ఉంటుందో తెలియనివాళ్లమూ కాము. రాగి రేకుకో జింకు రేకుకో మైనం లాంటి పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచితే గీసినచోట లోహం తినుకుపోయి గాడి పడుతుంది. ఆ గాళ్లలోకి ఇంకు దట్టించి, పైపైన తుడిచి, తడిపిన కాగితం పరిచి ప్రెస్‌లో నొక్కితే అప్పటికి ఒక బొమ్మ. మళ్లీ ఇంకు, మళ్లీ తుడుపు, మళ్లీ నొక్కుడు. చేతులు నల్లబడతాయి, నడుము పడిపోతుంది. ఇది కూడా చెమట పనే. చెమట విలువ మనకు ఒకరు చెప్పాలా?

ఈ పనిలో ప్రపంచానికి పాఠం చెప్పినవాడు మన తెలుగు నేల మనిషే. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదివి, పారిస్ వెళ్లి, అక్కడ హేటర్ నడిపిన అటెలియే 17 అనే అచ్చుశాలలో పనిచేశాడు. ఒక్క రేకు మీదే చిక్కని రంగు, పలుచని రంగు వేరువేరు రోలర్లతో ఎక్కించి, ఒకదాన్ని ఒకటి మింగకుండా నిలబెట్టి, ఒక్క నొక్కుతో రంగుల బొమ్మ తీసే పద్ధతిని అభివృద్ధి చేసినవాళ్లలో ఆయన ముఖ్యుడు. నీటి సుడి, అల, చేప లాంటి ప్రకృతి రూపాలు ఆయన రేకుల మీదికి ఎక్కాయి. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కలాల్ లక్ష్మాగౌడ్ హైదరాబాద్‌లో, బరోడాలో చదువుకుని, తన ఊరి మనుషుల్ని, మేకల్ని, చెట్లని ఎచింగుల్లోకి తెచ్చాడు. ఆయనకు ఆ ఊరు టూరు కాదు. ఆ మేక ఎవరిదో, ఆ చెట్టు ఎవరి చెలకలోదో తెలిసిన కంటితో గీశాడు. మా తగాదా వీళ్లతో కాదు, రాగి రేకుతోనూ కెమెరాతోనూ కాదు. వారం రోజుల టూరుకొచ్చి, పేరు అడక్కుండా బొమ్మ తీసుకుపోయి, ఆ బొమ్మకు తనకు తోచిన పేరు పెట్టే అలవాటుతో మా తగాదా.

ఈ అలవాటు నిన్న మొన్నటిది కాదు. థామస్ డేనియల్, విలియం డేనియల్ అనే ఇంగ్లిషు చిత్రకారులు 1786లో మన దేశానికి వచ్చి ఏళ్ల తరబడి తిరిగారు. కొండలు, గుళ్లు, జలపాతాలు గీసుకున్నారు. గీతకు సాయంగా కెమెరా అబ్స్‌క్యూరా అనే చీకటిపెట్టెను వాడారు. లండన్ వెళ్లాక 1795 నుంచి 1808 దాకా 144 అచ్చుబొమ్మలు ప్రచురించారు. ప్రయాణం, ప్రకృతి, అచ్చుబొమ్మ మూడూ కలిసిన పని మన దేశంలో ఇంత పెద్దగా సాగడం అప్పుడే. ఆ బొమ్మలు అందంగానే ఉంటాయి. కానీ అందులో మనిషి ఎందుకున్నాడో గమనించండి. గుడి ఎంత పెద్దదో, కొండ ఎంత ఎత్తో కొలవడానికి ఉన్నాడు. అడుగుబద్దకు పేరెందుకు అన్నట్టుంటుంది.

కెమెరా వచ్చాక కొలత ఇంకా దగ్గరికి వచ్చింది. 1868 నుంచి 1875 వరకు ఇంగ్లిషు ప్రభుత్వం 'ద పీపుల్ ఆఫ్ ఇండియా' అనే ఎనిమిది సంపుటాలు వేయించింది. అందులో 468 ఫొటోలు. ప్రతి ఫొటో పక్కన ఆ కులమో తెగో ఎలాంటిదో, ప్రభుత్వానికి నమ్మకస్తులో కాదో కూడా రాసుకున్నారు. సరిగ్గా ఆ సంవత్సరాల నడుమే, 1871లో, కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్తులని ముద్రవేసే చట్టం వచ్చింది. అచ్చు అనే మాటకూ ముద్ర అనే మాటకూ ఎంత దగ్గరి చుట్టరికమో అక్కడ తెలుస్తుంది. తర్వాత మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ కెమెరాతో పాటు కొలత పనిముట్లు పట్టుకుని తిరిగి, తలలు, ముక్కులు కొలిచి, 1909లో ఏడు సంపుటాలు అచ్చు వేయించాడు. ముక్కు పొడవు రాసుకున్న చేతికి ఆ మనిషి పేరు రాయడం బరువైందా?

ఇది మన దేశపు కథ మాత్రమే కాదు. అమెరికాలో ఎడ్వర్డ్ కర్టిస్ అనే ఫొటోగ్రాఫర్ ఆ నేల ఆదివాసుల మధ్య ముప్పై ఏళ్లు తిరిగి, 1907 నుంచి 1930 దాకా ఇరవై సంపుటాలు తెచ్చాడు. వాటిలోని బొమ్మలు కూడా ఫొటోను రాగి రేకు మీదికి ఎక్కించి ఇంకుతో అచ్చు వేసినవే. ఒక ఫొటోలో పీగన్ తెగ మనుషులిద్దరు డేరాలో కూర్చుని ఉంటారు. వాళ్ల నడుమ ఒక గడియారం ఉండేది. అచ్చుకు వచ్చేసరికి గడియారం మాయమైంది! ఆదివాసీ పక్కన గడియారం ఉంటే 'అంతరించిపోతున్న జాతి' అనే కథ నడవదు కదా. అందుకని చెరిపేశారు.

గడియారం చెరపడం అమెరికాతో, కర్టిస్‌తో ఆగిపోయిందనుకోకండి. కెమెరా పట్టుకుని మన ఊళ్లకు వచ్చేవాళ్లు ఏమంటారో మీకు తెలియదా? "తాతా, ఆ వాచీ తీసేయ్." "ఆ బైకు కొంచెం పక్కన పెట్టండి." "ప్లాస్టిక్ బిందె వద్దమ్మా, మట్టి కుండ లేదా?" "నవ్వొద్దు, అలా దూరంగా చూడండి." మా తాతలకు వాచీ చూపించిన టైము తప్పు, వాళ్ల కెమెరా చూపించిన కాలం రైటు. తాత సర్కారు బడిలో అటెండర్‌గా చేసి రిటైరయ్యాడని, పక్కనున్న మనవరాలు నర్సింగ్ చదువుతోందని ఆ బొమ్మ చూసే ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

మేముండే మండలంలోనే రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. 1996లో మొదలైంది. ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో అని గిన్నిస్ పుస్తకానికెక్కింది. మన పిల్లలు కొందరు సెలవుల్లో చూసొచ్చారు. సినిమా సెట్టు మీద ఊరంటే మీకు తెలుసు. ముందు గోడలుంటాయి, వెనక ఇల్లుండదు. ఒక సినిమాలో ఒక పేరు, ఇంకో సినిమాలో ఇంకో పేరు. సెట్టు ఊరికి సొంత పేరు అక్కర్లేదు. అక్కడ ఎవరూ పుట్టలేదు, ఎవరినీ పూడ్చలేదు. మన ఊరు సెట్టు కాదు. మన గుట్టకు ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకోవడానికి వీల్లేదు.

పేరుంటే ఏమొస్తుంది, లేకుంటే ఏం పోతుంది అని అడిగేవాళ్లు ఉంటారు. మార్లవాయిని చూడండి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ ప్రాణాలు పోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి వచ్చింది. ఆ పనిలోకి దిగినవాడు ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్. ఆయన కూడా కెమెరాతోనే వచ్చాడు, బయటివాడే. అయితే వారంలో పోలేదు. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో ఇల్లు వేసుకున్నాడు, గోండీ నేర్చుకున్నాడు. గోండు యువకుల్ని టీచర్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం ఆ ఊళ్లో వెలిసింది, గోండీలో వాచకాలు వచ్చాయి. బెట్టీ ఎలిజబెత్ సమాధి ఈనాటికీ మార్లవాయిలో ఉంది. ఊరివాళ్లు ఏటా ఆమెను తలుచుకుంటారు. ఇదంతా మేం మర్చిపోలేదు. మేలు చేసినవాళ్లను మర్చిపోయే జాతి కాదు మాది.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఆయన తీసిన వేలాది ఫొటోలు ఎక్కడున్నాయి? లండన్ విశ్వవిద్యాలయంలోని సోయాస్ లైబ్రరీలో. మార్లవాయి మనవడు తన ముత్తాత ముఖం చూడాలంటే లండన్ వైపు చూడాలి. ఆ ఫొటోలను కంప్యూటర్‌లోకి ఎక్కించారు, మంచిదే. అవి మార్లవాయి బడి గోడ మీద ఎందుకు లేవు? ఊళ్లో పెద్దవాళ్లు బతికుండగానే, ఒక్కో ముఖం చూసి పేరు చెప్పగలిగినవాళ్లు ఉండగానే, ఎందుకు తెచ్చి చూపించలేదు? ఒక ముసలాయన పోయిన ప్రతిసారీ ఆ ఫొటోల్లో కొన్ని ముఖాలు అనాథలవుతున్నాయి.

అదే మార్లవాయికి చెందిన కనక రాజుకు గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ వచ్చింది. అంతకుముందు ఎన్ని క్యాలెండర్ల మీద, ఎన్ని ప్రభుత్వ పోస్టర్ల మీద నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీలు కనిపించలేదు? కింద ఏముండేది? 'గోండు నర్తకుడు, ఆదిలాబాద్'. అంతే. కనక రాజు అనే పేరు వచ్చాక ఏమైంది? ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఎవరికి నేర్పాడు, ఏ ఊరు, ఏ వంశం అని లోకం అడిగింది. 2024లో ఆయన చనిపోతే పత్రికలు పేరుతో వార్త రాశాయి. పేరుంటే వచ్చేది అది. వేషం వెనకున్న మనిషికి ఒక చరిత్ర వస్తుంది.

ఇక పేరు లేకుంటే పోయేది చెబుతాం. దీన్ని మనవాళ్లు చెవిపెట్టి వినాలి.

పాపికొండల బొమ్మలు మీరు చూసే ఉంటారు. రెండు కొండల నడుమ గోదావరి, మీద మంచు, నీళ్లలో ఒంటరి పడవ. ఎన్నో ఫొటోలు, ఎన్నో పెయింటింగులు. వాటిలో చాలావాటిలో ఒక్క ఊరు కనిపించదు, ఒక్క పొగగొట్టం కనిపించదు. హైమెండార్ఫ్ 1945లో కొండరెడ్ల మీద ఒక పుస్తకం వేశాడు. అందులో ఆయన బైసన్ కొండలు అన్నది ఈ పాపికొండల్నే. అంటే అవి జనం బతుకుతున్న కొండలని పుస్తకానికెక్కి ఎనభై ఏళ్లు. 2014లో పోలవరం ముంపు కోసం భద్రాచలం వైపు మండలాలను తెలంగాణ నుంచి తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కోయలు, కొండరెడ్లు తరతరాలుగా బతికిన ఊళ్లు ముంపు పటంలోకి వెళ్లాయి. బొమ్మలో ఊరు లేదు. పటంలో ఊరు ఉండబోదు. ఖాళీ ప్రకృతిని చూసి చూసి అలవాటైన కంటికి అక్కడ ఎవరో ఉన్నారన్న సంగతే తట్టదు. ముంపు నిర్ణయం కళాకారుడు చేయలేదు, నిజమే. కానీ 'అక్కడెవరూ లేరు' అనే మాటకు అందమైన ఫ్రేమ్ కట్టి గోడకు వేలాడదీసింది ఎవరు?

చట్టం సంగతి కూడా చూద్దాం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు భూమికి పట్టా అడగాలంటే 2005 డిసెంబర్ 13కు ముందు నుంచే ఆ భూమి మన సాగులో ఉందని రుజువు చూపాలి. ఆ చట్టం కింద వచ్చిన నిబంధనల్లో 13వది రుజువుల గురించి చెబుతుంది. ప్రభుత్వ రికార్డులు, పటాలు, ఉపగ్రహ చిత్రాలు పనికొస్తాయి. ఇల్లు, గట్టు, చదును చేసిన నేల పనికొస్తాయి. పెద్దల వాంగ్మూలం రాసిపెడితే పనికొస్తుంది. పేరున్న సంస్థల పరిశోధనలు, ఆచారాల మీద రాసిన పత్రాలు పనికొస్తాయి. ఇప్పుడు ఆలోచించండి. ఇరవై ఐదేళ్ల కింద ఒక కళాకారుడు మన గుట్ట కింద చేను ఫొటో తీశాడనుకుందాం. దాని కింద ఊరి పేరు, గుట్ట పేరు, చేను దున్నుతున్న మనిషి పేరు, తారీఖు ఉంటే, పెద్దల మాటకు ఆ ఫొటో తోడు నిలిచేది. 'నిశ్శబ్దం' అని ఉంటే ఏ కమిటీ ముందు పెట్టగలం? పేరు, తారీఖు ఉన్న బొమ్మ మనకు సాక్షి. అవి లేని బొమ్మ ఎవరి హాల్లోనో అలంకారం.

పేరు బలం నగరంవాళ్లకు తెలియదా అంటే బాగా తెలుసు. హైదరాబాద్ చుట్టూ కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు బండలున్నాయి. మేముండే వైపు కూడా ఎన్నో గుట్టలు పగిలి కంకరయ్యాయి, ప్లాట్లయ్యాయి. ఈ బండల్ని కాపాడాలని 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ పుట్టింది. వాళ్లు బండల దగ్గరికి నడిచారు, ఫొటోలు తీశారు, పేర్లతో సహా జనానికి చూపించారు. కొన్ని బండలు వారసత్వ జాబితాకెక్కాయి. ఆ పనికి మేం చేతులెత్తి దండం పెడతాం. పేరున్న రాయిని పగలగొట్టడం కష్టమని వాళ్లే రుజువు చేశారు. రాయికి పేరుంటే ఇంత రక్షణ అయినప్పుడు, మనిషికీ మనిషి ఊరికీ పేరు రాయమంటే ఎందుకు నసుగుతారు?

మా మీద వచ్చే మాటలకూ జవాబు చెబుతాం.

కళ అంటే స్వేచ్ఛ, పేర్లూ ఊళ్లూ రాస్తే అది రికార్డు అవుతుంది గానీ కళ కాదు అంటారు కొందరు. మరి మీ సంతకం, మీ అంకె కళను పాడు చేయలేదా? రాజుల బొమ్మల కింద, జమీందార్ల బొమ్మల కింద పేర్లున్నాయే, అవి కళ కాకుండా పోయాయా? పేరు రాస్తే చెడిపోయే కళ మా ముఖాల దగ్గరే ఎందుకు మొదలవుతుంది?

మీ ఊళ్లకు పేరొస్తుంది, టూరిస్టులొస్తారు, నాలుగు డబ్బులొస్తాయి అంటారు ఇంకొందరు. ఊరి పేరే రాయని బొమ్మతో ఊరికి పేరెలా వస్తుందో వాళ్లే చెప్పాలి.

ఫొటో తీసినవాడిదే హక్కు, చట్టం అదే అంటారు మరికొందరు. నిజమే, 1957 కాపీరైటు చట్టం ఫొటో తీసినవారినే కర్తగా చూస్తుంది. ఆ చట్టాన్ని మేం చదివాం. 1996 పెసా చట్టాన్ని వాళ్లు చదివారా? షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును, ఊరుమ్మడి వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని అందులో రాసి ఉంది. అడవిలో కాలు పెట్టడానికి ఫారెస్టు ఆఫీసు పర్మిషన్ కోసం తిరిగే కళాకారుడు, ఊళ్లో కాలు పెట్టడానికి గ్రామసభను ఒక్కమాట అడిగితే చిన్నతనమేమిటి?

ఒక అభ్యంతరం మాత్రం న్యాయమైనదే. అందరికీ తమ పేరు బయట పడటం ఇష్టం ఉండకపోవచ్చు. పూజ దగ్గర, దేవర దగ్గర కెమెరా వద్దనే హక్కు కూడా ఊరికి ఉంది. అందుకే మేం అడిగేది 'పేరు రాసి తీరాలి' అని కాదు, 'అడిగి తీరాలి' అని. రాయమంటే రాయండి. వద్దంటే మానండి. ఫొటోనే వద్దంటే కెమెరా సంచిలో పెట్టుకోండి.

వేలు బయటివాళ్ల వైపు చూపించాం కాబట్టి మన వైపూ చూపించుకోవాలి. సాటి ఉపాధ్యాయులారా, మన ఫోన్లు తీసి చూసుకుందాం. బడిలో పిల్లల్ని వరసగా నిలబెట్టి తీసిన ఫొటోలు ఎన్ని? వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు కింద ఏం రాశాం? 'గిరిజన విద్యార్థులకు పుస్తకాల పంపిణీ'. పుస్తకాలిచ్చిన పెద్దల పేర్లన్నీ రాశాం. తీసుకున్న పిల్లల పేర్లు? ఆ పిల్లల్ని, వాళ్ల అమ్మానాన్నల్ని అడిగామా? మేమూ ఆ పని చేశాం. సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాం. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, పండక్కి ఊరెళ్లి తాత మీద, అవ్వ మీద రీల్స్ తీసి పెడుతున్నారు. వెనక పాట ఎవరిదో రాస్తారు. అవ్వ పేరు రాస్తున్నారా? బయటి కళాకారుడు చేసిన పనినే మనం మన ఇంట్లో చేస్తే, ఇక ఎవరిని అడుగుతాం?

మన పద్ధతి ఇది కాదు. కోయల పడిగెను తలుచుకోండి. గుడ్డ మీద వేల్పుల కథ, గట్టు కథ, వంశం కథ బొమ్మలుగా ఉంటుంది. దాన్ని ఊరికే విప్పి చూపించి మడిచేయరు. విప్పారంటే డోలీ కళాకారుడు నిలబడి ఎవరికి ఎవరు పుట్టారో, ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచారో పేరుపేరునా పాడాలి. పేర్లు పలకని పటం మా దగ్గర పటమే కాదు. ఆ డోలీ విద్యకే మణుగూరు ప్రాంతపు సకిన రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మకూ పేరుకూ ముడివేయడం మనం కొత్తగా కనిపెట్టిన కోరిక కాదు, మన తాతల కట్టుబాటు. ప్రయాణం, నేల, బొమ్మ మూడూ మన పడిగెలో ఉన్నాయి. వాటితో పాటు పేరు కూడా ఉంది.

కాబట్టి మా డిమాండ్లు ఇవి. ఒకటి, మన ఊరికి వచ్చే కళాకారులు, ఫొటోగ్రాఫర్లు ముందు ఊరిని అడగాలి, తర్వాత మనిషిని అడగాలి. రెండు, బొమ్మ కింద ఉన్న మూడింటికి తోడు నాలుగోది రాయాలి. ఒప్పుకున్న మనిషి పేరు, ఊరు, గుట్టకు మన భాషలో ఉన్న పేరు, తారీఖు. మూడు, ఒక ప్రతి ఊరికి రావాలి. ఇది అసాధ్యమేమీ కాదు. అచ్చుబొమ్మల పనిలో లెక్కలో చేరని ప్రతులు ఎప్పుడూ ఉంటాయి. కళాకారుడు తన కోసం ఉంచుకునేదాన్ని ఆర్టిస్ట్ ప్రూఫ్ అంటారు, అచ్చు వేసినవారికి ఇచ్చేదాన్ని ప్రింటర్ ప్రూఫ్ అంటారు. గీసినవారికి ఒకటి, నొక్కినవారికి ఒకటి ఉన్నప్పుడు, నిలబడినవారికి ఒకటి ఉండకూడదా? దాన్ని ఊరి ప్రతి అందాం. అది బడి గోడ మీదో, గ్రామసభ జరిగేచోటో ఉంటుంది.

అడిగి ఊరుకుంటే సరిపోదు. మన చేతుల్లోనూ పని ఉంది. ఫొటో తీయడానికి ఈరోజు ప్రతి ఇంట్లో ఫోనుంది. తీసిన ప్రతి ఫొటోకూ ఒక నోటుబుక్కులో నాలుగు మాటలు రాయండి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, వెనక కనిపించే గుట్టనో వాగునో మనవాళ్లు ఏమంటారు. పెద్దల దగ్గర కూర్చుని పాత ఫొటోలు చూపించి పేర్లు అడగండి. రేపు చేస్తామంటే రేపటికి ఆ పెద్ద ఉండకపోవచ్చు. గుంజాల ఊరి రాతప్రతుల్లో దొరికిన గోండీ లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. కాబట్టి గోండు ఊళ్లలో ఆ పేర్లు ఆ లిపిలోనే రాయవచ్చు.

అచ్చుబొమ్మకు ప్రెస్ లేదని, రాగి రేకు లేదని వెనక్కి తగ్గొద్దు. అరిగిపోయిన రబ్బరు చెప్పు అడుగుముక్క మీద పిల్లలు పెన్నుతో బొమ్మ గీస్తారు. అక్కర్లేనిచోట టీచరు బ్లేడుతో చెక్కాలి. రంగు పూసి, పైన కాగితం పెట్టి, స్టీలు గరిటె వెనకభాగంతో రుద్దితే అచ్చు పడుతుంది. అందులో ఊరి పేరు చెక్కించండి. అక్షరాలు తిరగేసి చెక్కితేనే కాగితం మీద సరిగ్గా పడతాయి. ఒకసారి తప్పు పడ్డాక పిల్లలు తమ ఊరి పేరులోని ప్రతి అక్షరాన్నీ కొత్తగా చూస్తారు. ఆ పేరు ఇక మరవరు. నాలుగో తరగతి పిల్ల చేసిన అచ్చు కింద ఆ పిల్ల సంతకం, అంకె, బొమ్మలో ఉన్నవాళ్ల పేరు అన్నీ రాయించండి. నాలుగు మాటలు రాయడం కష్టమనే పెద్ద కళాకారులు వచ్చి ఆ బడిలో చూసి నేర్చుకుంటారు.

మొదట చెప్పిన అమ్మాయి ఆ రోజే తన ఫోన్లోని బొమ్మ కింద పెద్దమ్మ పేరు, గుట్ట పేరు, ఊరి పేరు టైపు చేసి మా అందరికీ పంపింది. ఆ పేర్లు ఈ వ్యాసంలో రాస్తే ఎంత బాగుండేదో! రాయడం లేదు. పెద్దమ్మను ఇంకా అడగలేదు. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఆ అమ్మాయి అడుగుతుంది. అంత పెద్ద గొంతు గల మనిషి ఏం చెబుతుందో విని, ఆమె రాయమంటేనే రాస్తాం.